మిర్చి ఘాటున్న ధోతి

మా బిడ్డ మొదటి కచేరీకి పది రోజుల ముందు సంగీతం టీచరుగారు తల్లిదండ్రుల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టారు. ఆదివారం భూపాలపల్లిలో కచేరీ అనీ, పొద్దున పదింటికల్లా హాలుకు చేరాలనీ, అప్పటిదాకా పిల్లలు చల్లటివేవీ తాగకూడదనీ రాసి, చివర్లో ఇంకో వాక్యం చేర్చారు. "తండ్రులందరూ దయచేసి పంచె, లాల్చీలో రాగలరు." తల్లులకు మాత్రం ఏ సూచనా లేదు. వాళ్ళకు చెప్పక్కర్లేదని ఆవిడకు తెలుసు.

చదవగానే నాకు చిర్రెత్తుకొచ్చింది. పాడేది పదహారేళ్ళ పిల్ల, వినేవి చెవులు, మధ్యలో నా కాళ్ళకు ఏం చుట్టుకుంటే ఎవరికేం? మహబూబాబాద్‌లో ఆఫీసుకు వేసుకునే ప్యాంటు, చొక్కాతోనే నేను పెళ్ళిళ్ళకు పోతాను, చావులకు పోతాను, పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తే ఆ బట్టల్లోనే నిలబడతాను. ఇదంతా ఇంట్లో గట్టిగానే అన్నాను. మా ఆవిడ వంటగదిలోంచి, "నిన్నేమన్న చీర కట్టుకొమ్మన్నరా ఏంది, గంత పరేషాన్ అయితున్నవు?" అంది.

నిజం చెప్పాలంటే పంచె నా ఒంటి మీదికి వచ్చింది ఒకే ఒక్కసారి, పెళ్ళిపీటల మీద. అదీ ప్యాంటు మీదే. పంతులుగారు మంత్రం ఆపి "గట్టిగ చుట్టుండ్రి" అంటే మా బావమరిది ఆ చివరను తీసి నా బెల్టులో దోపాడు. మా వైపు పెళ్ళి ఫొటోలు చూడండి, సగం మంది పెళ్ళికొడుకుల ధోతి కింద నల్ల ప్యాంటు అంచు కనిపిస్తుంది. దాన్ని ఎవరూ తప్పు పట్టరు, దేవుడూ పట్టినట్టు లేడు.

పాడేవాళ్ళు పంచె కట్టుకోవడం నాకు అర్థమవుతుంది. గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, పొట్ట నిండా ఊపిరి తీసుకోవాలి. బెల్టు బిగించుకుని కూర్చుంటే శ్రుతి సంగతి దేవుడెరుగు, ముందు నడుము పట్టేస్తుంది. మరి వినేవాడికి ఏ నియమం? ఇరవై ఏళ్ళుగా వరంగల్‌లోనో హనుమకొండలోనో కచేరీ అంటే వీలు చేసుకుని పోతున్నవాణ్ణి. జీన్సు ప్యాంటు వేసుకుని రెండు గంటలు కదలకుండా, కళ్ళు మూసుకుని విన్న కుర్రాణ్ణి చూశాను. పట్టు లాల్చీ తొడుక్కుని, అత్తరు కొట్టుకుని, ముందు వరుసలో కూర్చుని భూముల బేరం ఫోనులో మాట్లాడిన పెద్దమనిషినీ చూశాను. నన్నడిగితే కచేరీకి వచ్చే మగవాడు ముందు వదలాల్సింది చెప్పులు, తర్వాత ఫోను. మిగతాది వాడిష్టం.

ఈ మాటే మా ఆఫీసులో ఒకాయనతో అన్నాను. ఆయన రోజూ డోర్నకల్ నుంచి రైల్లో వస్తాడు, అక్కడ చర్చి పాటల బృందంలో పాడతాడు. మే నెల ఎండలో కూడా ఆదివారం కోటు, టై లేకుండా బయటికి రాడు. ఆయన నవ్వి, "ఇయ్యాల రోజు వేరని ఒంటికి గూడ యాదికుండాలె కదనే అన్నా. చెమట వోస్తె పోసింది" అన్నాడు. ఆయన మాటలో నిజముంది. అయినా ఇంకొకరు ఆజ్ఞ వేస్తే మాత్రం నాకు కాలుతుంది.

ఆజ్ఞలంటే కాలే ఈ మనిషే ఇరవై ఏళ్ళ కిందట ఇంకొకరికి కచేరీకి ఏం వేసుకోవాలో ఆజ్ఞ వేశాడు. ఆ ఇంకొకరు మా నాయిన.

మా నాయిన మహబూబాబాద్ మిర్చి మార్కెట్‌లో ముప్పై ఏళ్ళు హమాలీ పని చేశాడు. మోకాళ్ళ దాకా గోచి పెట్టి కట్టిన ధోతి, చేతుల బనీను, తలకు రుమాలు, ఇవే ఆయన బట్టలు. బస్తాల మిర్చి పొడి ఆ ధోతి పోగుపోగులో దూరి ఉండేది. సాయంత్రం ఆయన వాకిట్లో అడుగు పెట్టకముందే ఇంట్లో మాకు తుమ్ములు మొదలయ్యేవి. అమ్మ ఆయన బట్టలు విడిగా ఉతికి, మండే చేతులకు కొబ్బరి నూనె రాసుకునేది. ఎంత ఉతికినా పనిరోజుల ధోతిలో ఎంతో కొంత ఘాటు మిగిలేది.

అదే మనిషి శనివారం తలస్నానం చేసి, పండుగలకని దాచుకున్న ధోతి కట్టుకుని హనుమాండ్ల గుడికి భజనకు పోయేవాడు. చదువు రాదు. ఏ రాగం పేరూ తెలియదు. కానీ బాసింపట్టు వేసుకుని తొడ మీద తాళం మొదలుపెడితే గడియారం తప్పొచ్చు గానీ ఆయన తప్పడు. భజనలో ఎవరైనా తొందరపడితే చేయి ఎత్తి పాట ఆపించేవాడు. "ఉరుకుడెందుకే? రైలు పోతున్నదా?" అనేవాడు. సంగీతం మీద నాకు పిచ్చి పట్టింది ఆయన తొడ పక్కన కూర్చునే.

నాకు మొదటి ఉద్యోగం జనగామలో వచ్చింది. గుమాస్తా పని, ఒక అద్దె గది. మా ఆఫీసరుగారికి శాస్త్రీయ సంగీతం అంటే ప్రాణం. ఊళ్ళో ఒక హాల్లో కచేరీ పెట్టించి, ఆఫీసులో అందరినీ రమ్మన్నారు. ఆ వారం మా నాయిన రెండు రోజులు ఉండిపోదామని నా దగ్గరికి వచ్చి ఉన్నాడు. అంత పెద్ద కచేరీ ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. తీసుకుపోదామని మనస్ఫూర్తిగానే అనుకున్నాను. ఆ మాట చెబితే ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే సంచీలోంచి ఉతికిన ధోతి తీసి కట్టుకుని, రుమాలు చుట్టుకుని తయారయ్యాడు.

అప్పుడు నా కళ్ళకు ఆఫీసరుగారూ, ఆయన పక్కన కూర్చునే డాక్టర్లూ, లెక్చరర్లూ కనిపించారు. వాళ్ళ మధ్యన మోకాళ్ళ దాకా ధోతి, ఎండకు మాడిన పిక్కలు. నాకు నామోషీ అనిపించింది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేక, అప్పటికప్పుడు ఒక అబద్ధం అల్లాను.

"నాయినా, పాడేటోళ్ల గొంతు శాన నాజూకుగ ఉంటది. నీ ధోతిల మిర్చి ఘాటుంటది కద. హాల్ల ఫ్యాన్లు తిరిగితే గా ఘాటు పోయి వాళ్ల గొంతుకు వట్టుకుంటది. పాట ఆగిపోతది."

ఆయన ఆ మాటను ఎంత గంభీరంగా తీసుకున్నాడో నాకిప్పటికీ గుర్తుంది. "అవ్ కొడుకా. నాకు తోసనే తోసలె సూడు" అని ధోతి కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. ఘాటేమీ లేదు. అది పండుగల ధోతి, మార్కెట్ మొహం చూడనిది. ఆ సంగతి నాకు తెలుసు.

రెడీమేడ్ షాపులో బూడిద రంగు ప్యాంటు కొనిపెట్టాను. ఆయన జీవితంలో అదే మొదటి ప్యాంటు. నాలుగడుగులు వేసి, "రెండు సంచులల్ల కాళ్లు వెట్టినట్టున్నదిరా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం నవ్వుకుంటూనే హాలుకు పోయాం.

కచేరీ మొదలయింది. ఆయన కుర్చీలో బిర్రబిగిసి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ కాలు పైకి ముడవబోతే ప్యాంటు కుట్లు పటపటమన్నాయి. కాలు దించాడు. రెండో కీర్తన మధ్యలో లేచి, "జర గాలికి పోయొస్త" అని బయటికి పోయాడు. ఎంతకీ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే తలుపు అవతల మెట్ల మీద ధోతి కట్టుకుని కూర్చున్నాడు. సంచీలో పెట్టుకుని వచ్చినట్టున్నాడు. బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేస్తున్నాడు. వేదిక మీద మృదంగం వాయించే ఆయనకూ మా నాయిన చేతికీ వెంట్రుకవాసి తేడా లేదు.

మా ఆఫీసరుగారు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఆయన మొహం సంతోషంతో విచ్చుకుంది. "చూశావటయ్యా, ఆ మెట్ల మీద పెద్దాయన! తాళం ఎంత కచ్చితంగా వేస్తున్నాడో! ఎవరాయన?" అని నన్నే అడిగారు.

"తెల్వదు సార్" అన్నాను.

ఎందుకన్నానో ఇరవై ఏళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆఫీసరుగారు వెక్కిరించలేదు, మెచ్చుకున్నారు. మా నాయిన అని చెబితే లేచి పోయి చేతులు పట్టుకునేవారేమో. ఒకసారి దాచినవాడికి రెండోసారి దాచడం అలవాటైపోతుంది, అంతే. ఆ రాత్రి గదికి వస్తూ నాయిన, "మంచిగ పాడిండ్రు బిడ్డా, ఎవరికి దగ్గు గూడ రాలె" అన్నాడు. తెల్లవారి బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ఎన్ని కచేరీలకు పిలిచినా, "నువ్వు పోయిరా కొడుకా" అనేవాడు. ఆఫీసరుగారితో నేనన్న ఆ "తెల్వదు" ఆయన చెవిన పడిందనీ, అందుకే రావడం లేదనీ అనుకున్నాను. అడిగే మొహం నాకు లేదు.

కాలం గడిచింది. నాకు మహబూబాబాద్‌కే బదిలీ అయింది. అమ్మ పోయాక, నడుము వంగి మార్కెట్ పని మానేశాక నాయిన మా దగ్గరే ఉంటున్నాడు. మా బిడ్డకు ఏడేళ్ళప్పుడు సంగీతంలో చేర్పించాం. రోజూ సాయంత్రం ముందు గదిలో శ్రుతి పెట్టుకుని సాధన చేస్తుంది. అది పాట మొదలుపెట్టగానే తాత లేచి, గోనెసంచి మడత చంకలో పెట్టుకుని, గడప దాటి వరండాలో కూర్చునేవాడు. అక్కడినుంచే తాళం వేసేవాడు. అది గడపలోంచి ఆయన చేతిని చూస్తూ పాడేది. వాన కురిసినా, చలిపెట్టినా గడప ఇవతలికి రాలేదు. "లోపటికి రా తాతా" అని అది ఎన్నిసార్లు పిలిచిందో! "ఈడనే మంచిగుంది బిడ్డా, గాలొస్తది" అనేవాడు. అది తొమ్మిదేళ్ళ మాట. నాకు మాత్రం ఆయన నా మీది కోపంతోనే అవతల కూర్చుంటున్నాడని లోపల పీకుతుండేది.

కచేరీ దగ్గరపడ్డాక బిడ్డ ఆయన్ని పట్టుకుంది. "తాతా, భూపాలపల్లిల నువ్వు ముంగట కూసోవాలె. నీ చెయ్యి కనవడకపోతే నాకు భయమైతది. ఆ ఏడక్షరాల తాళం కాడ తప్పుత." ఆయన గడప వైపు ఒకసారి చూసి, "సరే తియ్, వస్త" అన్నాడు. నేను పక్కగదిలోంచి విని నమ్మలేకపోయాను.

శనివారం సాయంత్రం నేను కొన్న జరీ పంచె పట్టుకుని ఆయన దగ్గరికే పోయాను. బజారులో అతికించుకునే పంచెలు కూడా అమ్ముతున్నారు, ప్యాంటులాగా తొడుక్కుని నడుము దగ్గర చర్రుమని అంటించేయొచ్చు. అది కొందామనే అనుకున్నాను. ఆ సంగతి చెబితే, "గది ధోతా, దిండు గలేబా?" అన్నాడు. నన్ను గది మధ్యలో నిలబెట్టి, చిన్నపిల్లవాడికి కట్టినట్టు కట్టాడు. ముందు కుచ్చిళ్ళు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కొక్కటే మడిచి లెక్కగా దోపాడు. వెనక గోచి లాగి నడుముకు చెక్కాడు. కిందికి చీలమండల దాకా దించాడు.

"నీది మోకాళ్లకాన్నే ఉంటది కద నాయినా" అన్నాను.

"బస్తా మోసెటోనికి పైకి, కుర్చీల కూసునేటోనికి కిందికి. బట్ట ఒక్కటేరా, కట్టుడే తేడా" అన్నాడు. ఏ ఉద్దేశమూ లేకుండా అన్నాడు. నాకు మాత్రం సూదిలా గుచ్చుకుంది. నేను ఒకనాడు దాచిపెట్టిన బట్టనే ఇప్పుడు జరీ అంచుతో, డబ్బు పెట్టి కొని, గౌరవం కోసం కట్టుకుంటున్నాను. ఆ కట్టేది ఆయనే.

ఆదివారం తెల్లవారి ఐదున్నర బస్సుకు పోవాలి. నాయినే మళ్ళీ నాకు పంచె కట్టి, తయారవుతానని తన గదిలోకి పోయాడు. కొంతసేపటికి తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. ఒంటి మీద బూడిద రంగు ప్యాంటు. ఇరవై ఏళ్ళ కిందట జనగామలో కొన్నదే. నడుము దగ్గర వదులై, పురికొసతో బిగించి ఉంది. చేతిలో ఆ షాపువాడి ప్లాస్టిక్ కవరు.

"గిదేంది నాయినా? ధోతి కట్టుకోలేదేంది?" అన్నాను.

"నా ధోతులకు ఘాటుంటది గద. నువ్వు తెచ్చిన కొత్తయి గూడ వాటితోనే నానెయ్యవడితిరి. గిదొక్కటే మిర్చి తాకంది. అందుకే కవర్ల దాసిపెట్టిన" అన్నాడు, ఏదో పెద్ద తెలివైన పని చేసినట్టు. "బిడ్డ ముంగట కూసొమ్మన్నదాయె. నా ఘాటు దాని గొంతుకు వట్టుకుంటే పాట ఆగిపోదా?"

ఆ కవరు ఆయన చేతిలోంచి తీసుకుని, "అందుకేనా నువ్వు ఇన్నేండ్లు గడపవతల కూసున్నది?" అని అడిగాను.

"మరేంది? పాడేటోళ్ల దగ్గర కూసోవద్దని నువ్వే చెప్పితివి గద."

కోపం కాదు. ఆ "తెల్వదు సార్" ఆయన చెవిన పడడమూ కాదు. నేను ఎప్పుడో అల్లిన ఒక చచ్చు అబద్ధాన్ని నమ్మి, మనవరాలి గొంతును కాపాడుకుంటూ తొమ్మిదేళ్ళు వాన జల్లులో కూర్చున్నాడు. చెప్పకుండా ఊరుకోవచ్చు. ఆయన సంతోషంగా ఆ ప్యాంటులోనే వస్తాడు, ముందు వరుసలో కూర్చుంటాడు, బిడ్డ కోరిక తీరుతుంది. చెబితే ఏమవుతుందో తెలియదు. ఆయన రానంటే బిడ్డ గతేమిటి? ఆటో వచ్చే వేళయింది. కానీ ఆ పురికొస చూస్తూ ఇంకో రోజు అబద్ధంలో గడపడం నా వల్ల కాలేదు.

"నాయినా, అది అబద్ధం. జనగామల నీ ధోతికి ఘాటు లేకుండె. ఘాటుతోని ఎవరి గొంతు పోదు. ఊకెనే చెప్పిన."

"ఊకెనే ఎందుకు చెప్పినవ్?"

"మా సార్లుంటరని. నువ్వు ధోతి మీద వస్తే... నాకు నామోషీ అయింది."

"నామోషీ" అన్నాడు, మొదటిసారి వింటున్నట్టు. మంచం పట్టె మీద మెల్లగా కూర్చున్నాడు. తల ఎత్తాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నేను అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను.

"నామోషీ అని చెప్తే ఓర్సుకుందును కదరా. నీ ఇజ్జత్ కోసం పాయింటు కాదు, ఏది తొడుగుమంటే అది తొడుగుదును. పాట ఆగిపోతదంటివి. నమ్మితి. దాని సరిగమలకాడికెల్లి గోడ చాటుకుండి వింటి. ఒక్కనాడన్న దాని పక్కపొంటి కూసోనిస్తివా?"

"తెల్వదు సార్" అన్న రెండో మాట కూడా గొంతు దాకా వచ్చింది, కానీ దాన్ని బయటపెట్టే ధైర్యం చాలలేదు. ఆయన లేచి, "మీరు పోండ్రి" అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు.

ఆటో వచ్చి హారన్ కొట్టింది. బిడ్డ పట్టు లంగా వోణీలో శ్రుతిపెట్టె పట్టుకుని వచ్చి, "తాతేడి?" అంది. మా ఆవిడ నా మొహం చూసి ఏదో జరిగిందని గ్రహించి, తలుపు దగ్గరికి పోయి "మామా" అని పిలిచింది. తలుపు కదలలేదు. నేను జరీ పంచెలో స్తంభంలా నిలబడ్డాను. ఆటో మళ్ళీ హారన్ కొట్టింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. మోకాళ్ళ దాకా తెల్ల ధోతి, వెనక గోచి, ఉతికిన తెల్ల అంగీ, తలకు రుమాలు. నా వైపు చూడలేదు. బిడ్డ చేతిలోంచి శ్రుతిపెట్టె తీసుకుని, "నడు బిడ్డా, టైమైతాంది" అన్నాడు.

బస్సులో ఆయన దాని పక్కన కూర్చున్నాడు, నేనూ మా ఆవిడా వెనక సీట్లో. హనుమకొండలో బస్సు మారాం. భూపాలపల్లి చేరేదాకా నాతో ఒక్క మాట లేదు. నేను దారంతా కుచ్చిళ్ళు జారకుండా నడుము పట్టుకుని కూర్చున్నాను.

బిడ్డనూ మా ఆవిడనూ టీచరుగారు ముందే లోపలికి తీసుకుపోయారు. హాలు గుమ్మం దగ్గర పట్టు లాల్చీ వేసుకున్న ఒక నిర్వాహకుడు నన్ను చూడగానే రెండు చేతులెత్తి, "రండి సార్, ముందుకు రండి" అన్నాడు. నా వెనకే వస్తున్న నాయినను చూసి, "పెద్దాయనా, నువ్వు గా వెనుక కుర్చీలల్ల కూసో" అన్నాడు. నాకు మీరు, ఆయనకు నువ్వు. రెండూ ధోతులే, రెండూ కట్టింది ఒకే చెయ్యి. నేను నోరు తెరిచేలోపే, వేదిక మీద శ్రుతి సరిచూసుకుంటున్న మా బిడ్డ మైకులోనే, "తాతా! గిటు రా, గిటు!" అని కేక పెట్టింది. హాలంతా ఘొల్లున నవ్వింది. టీచరుగారు తల పట్టుకున్నారు.

నాయిన ఎవరినీ చూడకుండా నడిచాడు. కుర్చీలు దాటాడు. వేదిక అంచుకు ఆనుకుని, కింద పరిచిన జంపఖానా మీద, ఇంకొక్క అడుగు వేస్తే వేదిక ఎక్కేంత దగ్గరలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అంతకంటే దగ్గర కూర్చోవడం ఎవరి వల్లా కాదు. నన్ను ముందు వరుసలో ఆ ఊరి ఉద్యోగి ఒకాయన పక్కన కూర్చోబెట్టారు. ఆయన ఇస్త్రీ నలగని లాల్చీలో ఉన్నాడు.

బిడ్డ పాట అందుకుంది. తాత చెయ్యి లేచింది. మొదటి కీర్తన సాఫీగా సాగింది. రెండోది ఆ ఏడక్షరాల తాళంలోది. దాని కళ్ళు తాత చేతి మీదే ఉన్నాయి. చరణంలోకి పోతుండగా, భయానికి గొంతు ఎండిపోయిందో ఏమో, చిన్నగా దగ్గింది.

చిన్న దగ్గే. పక్కనున్న నీళ్ళు ఒక గుక్క తాగి మళ్ళీ అందుకుంది. హాల్లో ఎవరూ పట్టించుకోలేదు. కానీ మా నాయిన ఉలిక్కిపడ్డాడు. ఆడుతున్న చెయ్యి ఆగిపోయింది. ధోతి కొంగు రెండు చేతులా దగ్గరికి పట్టుకుని, కూర్చున్నచోటినుంచే వెనక్కి జరిగాడు. మళ్ళీ ఇంకొంచెం జరిగాడు. అబద్ధమని తెలిసింది ఆయన బుద్ధికి. ఇరవై ఏళ్ళు నమ్మిన ఒంటికి ఇంకా తెలియలేదు.

చూస్తూ కూర్చోలేకపోయాను. లేచాను. పక్కనున్న ఉద్యోగి నా చెయ్యి పట్టుకుని, "పాట మధ్యల ఎక్కడికి సార్? ఎవరాయన?" అన్నాడు.

"మా నాయిన" అన్నాను. నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. నాలుగు తలలు తిరిగాయి.

వెళ్ళి ఆయన వీపుకు నా మోకాళ్ళు తగిలేలా, సరిగ్గా ఆయన వెనకే చతికిలబడ్డాను. ఇక వెనక్కి జరగడానికి చోటు లేదు. ఆయన ఆగిపోయాడు. వేదిక మీద బిడ్డ ఆ చేతి కోసం చూస్తోంది. ఒక ఆవర్తనం ఆ చెయ్యి లేకుండానే నెట్టుకొచ్చింది. మా నాయిన కొంగు వదిలేశాడు. తొడ మీద చెయ్యి వేశాడు. తాళం ఎక్కడ ఉండాలో అక్కడే అందుకుంది.

నేను కూర్చున్న విసురుకు నా జరీ పంచె కుచ్చిళ్ళు మొత్తం ఊడిపోయి జంపఖానా మీద కుప్పపడ్డాయి. నేను గమనించనే లేదు. నాయిన కుడిచెయ్యి తాళం ఆపకుండానే, తల తిప్పకుండానే, ఎడమచెయ్యి వెనక్కి పెట్టి ఆ గుడ్డను తడిమి చూసి నా ఒళ్ళోకి తోశాడు.

"కుచ్చిళ్లు ఊడినయ్. సర్దుకో" అన్నాడు.

ఆ పొద్దు ఇంట్లోంచి బయలుదేరాక ఆయన నాతో అన్న మొదటి మాట అది.